అయ్యవారి బాకీ



పోయిన ఆదివారంతో మన తెలుగు తరగతికి ఈ ఏడాది పాఠాలు ముగిసినాయి. పరీక్షలు, మార్కులు మనకు లేవు కదా. అందుకని చివరి రోజున ఒక్కొక్కరు లేచి, ఈ ఏడు ఏం నేర్చుకున్నాం, ఎవరికి దండం పెట్టుకోవాలి అన్నది చెప్పాలని అనుకున్నాము. పిల్లలు గడగడా చెప్పేసినారు. వెనక బెంచీలో కూర్చునే పెద్దవాళ్ళం మేము లేచేసరికి గొంతు పట్టుకుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇదీ మా బతుకు. ముప్పై ఏళ్ళకు పైగా రైల్వేలో రిజిస్టర్లు రాసినాము, అమ్మకు మాత్రం ఒక్క ఉత్తరం తెలుగులో రాయలేదు.

తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే మా నోటుపుస్తకాల్లో గంగ కాస్తా కంక అయి కూర్చునేది. దాన్ని దిద్దింది తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి. పంతులమ్మ చిన్నపిల్లల దగ్గర ఉంటే ఈ పిల్ల మా పక్కన చేరి, "తాతా, మళ్ళా వత్తు మరిచిపోయినారు" అనేది. సిగ్గుపడినాము, నేర్చుకున్నాము.

వచ్చినవాడు రానివాడికి నేర్పడం మన బడుల్లో పాత పద్ధతే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా జిల్లాకూ బడుల లెక్క అడిగినాడు. బళ్లారి అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. అక్కడి కలెక్టరు కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు చదివితే మన తాతల బడి కళ్ళకు కడుతుంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. 235 బడులు కన్నడం, 226 తెలుగు, 23 మరాఠీ, 23 సంస్కృతం, 21 పారశీకం, నాలుగు తమిళం, ఒకటి ఇంగ్లీషు. ఒకే జిల్లాలో ఏడు భాషలు! ఆడపిల్లలు మాత్రం అరవై మందే. ఆ లెక్కన చూస్తే మమ్మల్ని దిద్దే పిల్ల ఆ కాలంలో బడి గడప తొక్కేదే కాదేమో.

అయిదో ఏట బిడ్డ చేత బియ్యంలో వేలితో రాయించి చదువు మొదలు పెట్టేవారట. పొద్దున బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేది. మా సెక్షన్లో ఆలస్యానికి రిజిస్టరులో ఎర్ర గీత పడేది. దానికన్నా అరచేతి సున్నా నయం. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు నేర్పే ఈ పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం తగిన పనే అన్నాడు. ఆ అనుకరణ మొదలైంది మన ఎగ్మూరులోనే. అక్కడి అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్, ఇక్కడి వీధి బడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, దాన్ని తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం వేసినాడు. మద్రాసు పద్ధతి అని దానికి పేరు వచ్చింది. ఆ ఇసుకలో రాసిన పిల్లల పేర్లు ఎవరికీ తెలియవు.

అదే జవాబులో కాంప్‌బెల్ ఇంకోటి కూడా రాసినాడు. ఒకప్పుడు బడి ఉన్న చాలా ఊళ్ళలో ఇప్పుడు లేదని, జనం పేదరికంలో పడడమే దానికి కారణమని. అయ్యవారి జీతం ఊరి చేతిలో ఉండేది. ఊరు చితికితే బడీ పోయేది.

ఆ కాలంలో అయ్యవారి బాకీ తీరే పండగ దసరా. మా అవ్వ తిరుత్తణి పక్క మనిషి. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా అది చిత్తూరు జిల్లాయే. ఆమె చెప్పేది: రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని పిల్లలు అయ్యవారి వెంట ఇంటింటికీ పోయి పద్యాలు పాడేవాళ్ళు. ఇంటివాళ్ళు అయ్యవారికి డబ్బులు, పిల్లలకు పప్పూ బెల్లం ఇచ్చేవాళ్ళు. దాన్ని బిచ్చం అని నవ్వేవాళ్ళు ఉన్నారు. మాకు అలా తోచదు. చదువు చెప్పినవాడికి ఊరంతా గడప దగ్గర నిలబడి లెక్క తీర్చిన రోజు అది.

1854 తరువాత సర్కారు గ్రాంట్లు వచ్చినాయి, ఇన్‌స్పెక్టర్లు వచ్చినారు, ఏడాది చివర రిపోర్టు వచ్చింది. మా బడి ఆండు విళాలో కృతజ్ఞతలు అన్నీ ముఖ్య అతిథికీ పూలదండకూ పోయేవి. వాత్తియార్లు గోడ పక్కన నిలబడి ఉండేవాళ్ళు. మాకు లెక్కలు, తమిళం, నడవడి నేర్పింది వాళ్ళు. తెలుగు రాలేదని వాళ్ళను తప్పు పట్టడం న్యాయం కాదు. తెలుగు సెక్షన్ ఉన్న బడి ఒకటి మా కాలనీకి నడిచిపోయే దూరంలోనే ఉండేది. పిల్లలు తగ్గినారని దాన్ని మూసినప్పుడు, మమ్మల్ని అందులో వేయని ఇళ్ళు మావే.

2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చి, ఒకటో తరగతి నుంచి ఏడాదికో మెట్టు ఎక్కుతూ 2015-16కు పదో తరగతి చేరింది. మినహాయింపుల కోసం మనవాళ్ళు కోర్టులకు తిరిగినారు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాము. అయితే కోర్టు ఏం చెప్పినా ఆదివారం పిల్లను పంపేది ఇల్లే కదా.

చివరి రోజు మేము పప్పూ బెల్లం పంచి, పంతులమ్మకు ఒక కవరు ఇచ్చినాము. ఆమె బెల్లం తీసుకుని, కవరును సంఘం పెట్టెలో వేసి, వచ్చే ఏటికి పలకలు కొనమన్నది. మా చిన్న పంతులమ్మ అరచేతిలో సరస్వతి పేరు మేమే రాసినాము, అన్ని అక్షరాలూ సరిగ్గా. తీరా ఆ పిల్ల చెప్పింది: వచ్చే ఏడు పదో తరగతి, ఆదివారం ట్యూషన్, రావడం కుదరదట.

జూన్ మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు తరగతి మళ్ళా మొదలు. మా బెంచీ పక్కన కూర్చుని తప్పులు దిద్దడానికి ఎనిమిదో, తొమ్మిదో చదివే పిల్ల ఒకరు కావాలి. మీ ఇంట్లో ఉంటే పంపండి. బెల్లం మేము తెస్తాము.