ట్రిపుల్ ఈ సీటు ఎవరిది?

సంక్రాంతికి మైపాడు వెళ్లినప్పుడు మా కాలనీ చెల్లెలొకామె ఇంటికొచ్చింది. ట్రిపుల్ ఈ రెండో సంవత్సరం. వాళ్ల నాన్న రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేసి ఏరియేటర్లు తిప్పాలి. ఆలస్యమైతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు చచ్చిపోతాయి. ఫేజు పోయిందో, మోటారు కాలబోతోందో శబ్దం విని చెప్పేస్తాడాయన. ఆయన బిడ్డని ల్యాబ్‌లో ఒకడు అన్నాడట, "నీకు మోటారు కనెక్షన్లేం తెలుసు, నీది కోటా సీటు కదా" అని.

"అన్నా, నిజంగా మనం ఎవరి సీటన్నా తీసుకుంటా ఉండామా?" అని అడిగింది.

నేను చదివింది తెలుగు సాహిత్యం. ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఆమెకు చెప్పగలిగిందేమీ లేదు. సీటు గురించి మాత్రం చెప్పాను.

అప్పట్లో నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. విశాఖ (తర్వాత అదే కాకినాడ), అనంతపురం కాలేజీలు వచ్చింది 1946లో. అంతకుముందు మనవైపు వాళ్లకు ఇంజనీరింగంటే గిండీనే. అక్కడ ఎలక్ట్రికల్ కోర్సు 1930లో మొదలైంది. గిండీ అనగానే అందరూ గొప్పగా చెప్పుకునేది అయ్యలసోమయాజుల లలిత గురించి. మన తెలుగామె. 18 ఏళ్లకే భర్త పోయాడు, చేతిలో నెలల పాప. 1940లో చేరి 1943లో చదువు పూర్తిచేసి, దేశంలోనే తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయింది. తర్వాత భాక్రా నంగల్ విద్యుత్ పనుల్లోనూ పాలుపంచుకుంది. ఆ కులంలో, ఆ కాలంలో ఒక వితంతువు అంతదూరం రావడం చిన్న విషయం కాదు. ఆమెంటే నాకు గౌరవం.

కానీ ఆమెకు సీటెలా వచ్చిందో కూడా చదవాలి కదా. తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన అడిగితే ప్రిన్సిపాల్ చాకో, విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్ ప్రత్యేకంగా అనుమతించారు. ఆడవాళ్లకు మూసి ఉన్న తలుపు అలా తెరుచుకుంది. దాన్ని ఎవరూ కోటా అనరు, అనకూడదు కూడా. అయితే ప్రొఫెసర్ తండ్రి లేని పిల్లలకు తలుపు తీయాల్సింది చట్టమే.

ఆ చట్టం మద్రాసులో కమ్యూనల్ జీవో రూపంలో ఉండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. బ్రాహ్మణులకూ వాటా ఉందని గమనించండి. జనాభాలో వాళ్లెంత, మనమెంత అన్నది వేరే లెక్క.

1950లో దీనిమీద ఇద్దరు హైకోర్టుకెక్కారు. చంపకం దొరైరాజన్ మెడికల్ సీటు కోసం. ఆమె అసలు దరఖాస్తే చేసినట్టు లేదని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. రెండో పిటిషనర్ సి.ఆర్. శ్రీనివాసన్. ఆయనడిగింది ఇంజనీరింగ్ సీటే. కేసు చంపకం పేరుతో నిలిచిపోవడంతో ఈయన సంగతి మన పిల్లలకు తెలియకుండా పోయింది. పిటిషనర్ల తరఫున వాదించినవారిలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. మన నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టినవాడే! రాజ్యాంగ ముసాయిదా కమిటీలో బాబాసాహెబ్ పక్కన కూర్చున్నాయన.

1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు జీవో చెల్లదంది. ఉద్యోగాలకు 16(4) ఉంది, చదువులకు అలాంటి నిబంధన లేదు, అదీ దొరికిన సందు. మద్రాసు రాష్ట్రంలో ఆందోళన లేచింది. ఆ జూన్‌లోనే మొదటి రాజ్యాంగ సవరణ 15(4)ను చేర్చింది. న్యాయశాఖ మంత్రిగా పార్లమెంటులో దాన్ని సమర్థించింది అంబేడ్కరే. ఒకే కమిటీలో కూర్చున్న ఇద్దరు ఒక ఇంజనీరింగ్ సీటుకు చెరోవైపు నిలబడ్డారు.

చెల్లెలు ఇదంతా విని, "అప్పుడు మొత్తం ఎన్ని సీట్లన్నా?" అంది. ఆ తీర్పులోనే ఉంది: నాలుగు కాలేజీల్లో కలిపి 395. బయటి రాష్ట్రాలవాళ్లకు 21, ప్రభుత్వ విచక్షణకు 12 పోతే 362. ఫోన్ తీసి 14తో భాగించి 2తో గుణించింది. 51 చిల్లర.

శ్రీకాకుళం నుంచి మలబారు దాకా, అన్ని బ్రాంచీలకూ కలిపి, కాగితం మీద మన వాటా అది. వాళ్ల ట్రిపుల్ ఈ సెక్షన్ ఒక్కదాంట్లోనే 60 మంది ఉన్నారట.