తీగ, శబ్దం, సాక్ష్యం: ఆడియో కేబుళ్ల పోలిక చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ధ్వనిని మోసే తీగలను పోల్చి చూడవలసిన అవసరం ఎలా వచ్చిందో వివరించగలుగుతారు.
• తెలుగు ప్రాంతంలో పొడవైన స్పీకరు తీగలు ఎక్కడ వాడుకలోకి వచ్చాయో చెప్పగలుగుతారు.
• "విన్నాను" అనే సాక్ష్యాన్ని పరీక్షించే పద్ధతిని అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

మీరు రావికమతంలో ఉంటున్నారనుకోండి. ఇంట్లోకి ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు కొన్నారు. వాటిని కలిపే వైరు కోసం చోడవరం గాని, అనకాపల్లి గాని వెళతారు. కరెంటు సామాన్ల దుకాణంలో మీటరు లెక్కన అమ్మే మామూలు రాగి వైరు ఉంటుంది. అందమైన పెట్టెలో పెట్టి, ఎన్నో రెట్ల ధరకు అమ్మే 'ఆడియో కేబుల్' కూడా ఉంటుంది. రెండోదానితో పాట మరింత స్వచ్ఛంగా వినిపిస్తుందని అమ్మేవారు చెబుతారు, కొన్నవారూ చెబుతారు. వారు అబద్ధం ఆడుతున్నారని అనుకోనక్కరలేదు. అయినా ఆ మాటను మీరు నమ్మవచ్చునా?

చరిత్ర విద్యార్థికి ఇది కొత్త ప్రశ్న కాదు. ఒక కైఫీయతును చదివేటప్పుడు 'ఎవరు చెప్పారు, వారికి ముందే ఏమి తెలుసు, చెప్పడంలో వారి ప్రయోజనం ఏమిటి' అని అడుగుతాం. చెవి చెప్పే సాక్ష్యాన్ని కూడా అలాగే అడగాలి.

9.2 సముద్రం అడుగున మొదలైన వివాదం

తీగల నాణ్యతపై మొదటి పెద్ద వివాదం సంగీతం గురించి కాదు, తంతి సందేశాల గురించి. అట్లాంటిక్ మహాసముద్రం అడుగున కేబుల్ వేసే ప్రయత్నంలో విలియం థామ్సన్ (తరవాతి కాలపు లార్డ్ కెల్విన్), కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ విభేదించారు. తీగ పొడవు పెరిగేకొద్దీ సంకేతం ఆలస్యమవుతుందని థామ్సన్ 1854లోనే లెక్క కట్టాడు. వైట్‌హౌస్ దానిని అంగీకరించలేదు. బజారులో దొరికే రాగి నమూనాల విద్యుత్ వాహకత ఒకదానికీ మరొకదానికీ ఎంతో తేడాగా ఉందని 1857లో థామ్సన్ కొలిచి చూపాడు. చూడడానికి ఒకేలా ఉన్న రెండు తీగలు ఒకేలా పనిచేయవని కొలతతో రుజువయింది.

1858లో వేసిన కేబుల్ కొద్ది వారాలకే మూగబోయింది. వైట్‌హౌస్ ప్రయోగించిన అధిక వోల్టేజి దానికి మరింత హాని చేసింది. ఆ తరవాత జరిగిన అధికారిక విచారణ నివేదిక 1861లో వెలువడింది. విద్యుత్ నిరోధానికి ప్రామాణిక కొలత నిర్ణయించే కృషి కూడా అదే కాలంలో మొదలయింది. 1866లో అట్లాంటిక్ కేబుల్ స్థిరంగా పనిచేసింది. 1870లో సముద్రపు తంతి బొంబాయికి చేరింది; మరుసటి సంవత్సరం మద్రాసుకూ పెనాంగుకూ మధ్య కేబుల్ ఏర్పడింది. రావికమతం అప్పుడు ఉన్న విశాఖపట్నం జిల్లా ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం.

9.3 తెలుగు నేలపై పొడవైన తీగలు

పాత రేడియోలో ఆంప్లిఫయరు, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేవి. రెంటి మధ్య తీగ జానెడు కూడా ఉండదు కనుక ఆ ఇంట్లో కేబుల్ ప్రశ్నే లేదు. ఆంప్లిఫయరు ఒకచోట, స్పీకరు మరొకచోట ఉన్నప్పుడే ఆ ప్రశ్న పుడుతుంది.

తెలుగువారికి ఆ పరిస్థితి ఇంటికంటే ముందు సినిమా హాలులో వచ్చింది. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలయింది. టాకీ హాలులో యంత్రం వెనుక గదిలో, స్పీకరు తెర వెనుక ఉంటాయి. మధ్యలో హాలు పొడవంతా తీగే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో ప్రారంభమయ్యాయి. పంచాయతీ రేడియో కార్యాలయంలో మోగితే, స్తంభానికి కట్టిన హారన్ ద్వారా ఊరు వినేది. జాతరకూ పెళ్లికీ వచ్చే మైకుసెట్టు వారి తీగలు వీధి చివరిదాకా సాగేవి.

ఇంత దూరాన్ని మైకుసెట్టు ఖరీదైన తీగతో కాదు, ట్రాన్స్‌ఫార్మరుతో జయించింది. 100 వాట్ల శక్తిని 8 ఓమ్‌ల స్పీకరుకు నేరుగా పంపితే తీగలో సుమారు 3.5 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. అదే శక్తిని 100 వోల్టుల లైనులో పంపితే ఒక ఆంపియరు చాలు. తీగలో వృథా కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది సుమారు పన్నెండో వంతుకు తగ్గుతుంది. ఇక్కడ తీగ నాణ్యతకు కొలబద్ద ఒకటే: చివరి హారన్‌లో మాట స్పష్టంగా వినబడాలి.

9.4 అంగడి సరుకుగా కేబుల్

1950ల చివర స్టీరియో రికార్డులు వచ్చాక సంపన్న దేశాల ఇళ్లలో ఆంప్లిఫయరు, స్పీకర్లు విడిపోయాయి. చాలాకాలం వాటిని మామూలు దీపపు తీగతోనే కలిపారు. 1970ల చివర అమెరికాలో నోయెల్ లీ 'మాన్‌స్టర్ కేబుల్' పేరుతో లావు తీగను ప్రత్యేక సరుకుగా అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి తీగకు పేరు, పెట్టె, ప్రచారం వచ్చాయి. మనదేశంలో 1991 ఆర్థిక సంస్కరణల తరవాత విదేశీ ఆడియో సామగ్రి అందుబాటు పెరిగి, ఆ చర్చ మన ఇళ్లకూ చేరింది.

9.5 పేరు దాచి వినడం

వినేవారికి ఏది ఏ తీగో తెలిస్తే, ధర కూడా చెవితో పాటు వింటుంది. దీనికి విరుగుడు పేరు దాచడం. బెల్ ప్రయోగశాలల్లో మన్సన్, గార్డ్‌నర్ 1950లో ఏ, బీ, ఎక్స్ పద్ధతిని వివరించారు. ఏ, బీ అనే రెండు ధ్వనుల్ని వినిపించి, ఎక్స్ వాటిలో ఏదో చెప్పమంటారు. 1982లో డేవిడ్ క్లార్క్ దీనిని ఆడియో పరికరాల పోలికకు అనువుగా వివరించాడు. 1983లో 'స్టీరియో రివ్యూ' పత్రికలో లారెన్స్ గ్రీన్‌హిల్ స్పీకరు తీగలపై ఇటువంటి పరీక్షను ప్రచురించాడు. సంగీతం వింటూ శ్రోతలు మాన్‌స్టర్ కేబులును, 16 గేజి మామూలు తీగను వేరుచేసి చెప్పలేకపోయారు. బాగా సన్నని 24 గేజి తీగ విషయంలో మాత్రం తేడా పట్టుబడింది.

9.6 నిజంగా ఉన్న తేడా

ఈ ఫలితాన్ని లెక్క కూడా సమర్థిస్తుంది. స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉంటే రానుపోను తీగ 10 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం సుమారు 0.13 ఓమ్, 8 ఓమ్‌ల స్పీకరుకు నష్టం 0.14 డెసిబెల్. 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు అది సుమారు 0.4 డెసిబెల్, 4 ఓమ్‌ల స్పీకరయితే 0.8. శబ్దంలో ఇంత చిన్న హెచ్చును చెవి 'హెచ్చు'గా కాక, 'మెరుగు'గా భావించడం కద్దు. అందుకే పోల్చేముందు రెండింటి శబ్దస్థాయి సమం చేయాలి.

తీగలన్నీ ఒకటేనని దీని అర్థం కాదు. రికార్డు ప్లేయరు కేబులుకు కెపాసిటెన్స్ ఎక్కువైతే స్వరం మారుతుంది. తొడుగు సరిగా లేని తీగ గుంయిమనే శబ్దాన్ని లోపలికి లాగుతుంది. ఇవి కొలతకు దొరికే కారణాలు.

ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. ఇంట్లో ఒకరు మీకు కనబడకుండా నాణెం ఎగరేసి, దాని ప్రకారం తీగ ఎంచుకోవాలి. తీగ మార్చే ప్రతిసారీ ఆంప్లిఫయరు ఆపాలి. బొమ్మ వరసగా పడి అదే తీగ వచ్చినా, మార్చినట్లే విప్పి మళ్లీ బిగించాలి. ఇలా 16 సార్లు వినండి. 12 లేదా అంతకంటే ఎక్కువ సార్లు సరిగా చెప్పడం ఊహతో జరిగే అవకాశం వందకు 4 కంటే తక్కువ. అంతకు తగ్గితే తేడా లేదని రుజువు కాదు. తేడా విన్నామన్న మాటకు ఆధారం దొరకలేదని మాత్రమే.

9.7 సారాంశం

తీగల మధ్య తేడా ఉందని థామ్సన్ కొలతతో చూపాడు. ఆ తేడా ఇంట్లో ఎంతవరకు వినబడుతుందో పేరు దాచిన పరీక్షలు చూపాయి. తగినంత లావున్న రాగి తీగ కొన్నాక మిగిలే డబ్బు ఇంటి ఇతర అవసరాలకు పనికివస్తుంది. సాక్షి నిజాయితీపరుడైనా సాక్ష్యాన్ని పరీక్షించాలన్న చరిత్రకారుడి నియమం చెవికీ వర్తిస్తుంది.

9.8 కీలక పదాలు

నిరోధం: తీగ కరెంటు ప్రవాహాన్ని అడ్డుకునే గుణం.
గేజి: తీగ మందాన్ని తెలిపే సంఖ్య, సంఖ్య పెరిగితే తీగ సన్నబడుతుంది.
డెసిబెల్: శబ్దస్థాయిలో తేడాను తెలిపే కొలమానం.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
 అ) పాత రేడియో ఉన్న ఇంట్లో కేబుల్ ప్రశ్న ఎందుకు తలెత్తలేదు?
 ఆ) మైకుసెట్టు వారు దూరం వల్ల కలిగే నష్టాన్ని ఎలా తగ్గించారు?
2. ఈ క్రింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
 అ) శ్రోత చెప్పే సాక్ష్యాన్ని చారిత్రక ఆధారంతో పోల్చి, దానిని పరీక్షించే పద్ధతిని చర్చించండి.