గావాన్ మదరసా: చదువుల ఇంట చోటు ఎవరికి?

బీదరు పాత ఊరిలో, కోటకు పోయే దారిలో, సగం కూలిన మూడంతస్తుల కట్టడం ఒకటి ఉంది. ముందువైపు మిగిలిన ఒకే ఒక మినారు మీద నీలం, పసుపు, తెలుపు రంగుల మెరుగు పలకలు ఇప్పటికీ అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. దక్కను చరిత్ర చదివేవారికి ఇది మహమూద్ గావాన్ మదరసాగా పరిచితమే. దీని శిల్పాన్ని గురించి చాలామంది రాశారు. ఈ వ్యాసం మాత్రం మరొక ప్రశ్నను పరిశీలిస్తుంది. గురువులు, శిష్యులు ఒకే కప్పు కింద నివసించి చదువుకొన్న ఈ చిన్న విద్యాలయంలో చోటు ఎవరికి దొరికింది? ఎవరికి దొరకలేదు? సొంత నేలకు దూరంగా తెలుగు చదువుకొంటున్న విద్యార్థులకు ఈ ప్రశ్న పాతది కాదు.

క్రీ.శ. 1472 ప్రాంతంలో మదరసా నిర్మాణం పూర్తయింది. తూర్పు పడమరలుగా 205 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 180 అడుగుల కొలతలు గల కట్టడం ఇది. మధ్యలో విశాలమైన చతురస్రాకారపు ముంగిలి. దాని చుట్టూ పాఠాలు చెప్పే పెద్ద గదులు, ఒక మసీదు, ఒక గ్రంథాలయం. విద్యార్థులు ఉండడానికి 36 గదులు, ఉపాధ్యాయులకు 6 నివాసాలు ఉండేవని లెక్క. గ్రంథాలయంలో మూడు వేల రాతప్రతులు ఉండేవని ప్రసిద్ధి. విద్యార్థులకు వసతి, భోజనం ఉచితం. ముప్ఫయ్యారు గదులంటే ఈనాటి లెక్కలో ఒక చిన్న కళాశాల వసతిగృహం మాత్రమే. అయినా ఆ కాలపు దక్కనులో అంత పక్కాగా, చదువు కోసమే కట్టిన ఇల్లు అరుదు. అలాంటి మదరసాలలో మతశాస్త్రంతో పాటు తర్కం, వ్యాకరణం, గణితం, ఖగోళం వంటి విద్యలు కూడా చెప్పేవారు. ఒక వృత్తికి తయారుచేయడం కంటే మనిషిని సర్వశాస్త్రాలతో పరిచయస్థుణ్ణి చేయడం ఆ చదువు లక్ష్యం.

దీన్ని కట్టించిన మహమూద్ గావాన్ ఇరానులోని గీలాన్ ప్రాంతం వాడు. 1453లో దాభోల్ రేవులో దిగి, వర్తకుడిగా బీదరు చేరాడు. అప్పటికి నలభై ఏళ్లు దాటినవాడు. బహమనీ సుల్తానుల కొలువులో క్రమంగా ఎదిగి, మూడవ మహమ్మద్ షా కాలంలో రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. మంత్రి అయిన తరువాత కూడా తన సొంత ఖర్చులకు వ్యాపారపు లాభాన్నే వాడుకొనేవాడని చరిత్రకారుడు ఫరిష్తా రాశాడు. గావాన్ స్వయంగా పండితుడు. అతని లేఖల సంకలనం 'రియాజుల్ ఇన్షా' ఈనాటికీ లభిస్తున్నది. హిరాత్ నగరంలో ఉన్న ప్రసిద్ధ పారశీక కవి జామీకి అతడు లేఖలు రాశాడు. బీదరుకు రమ్మని పిలిచాడు. జామీ రాలేదు. ఇతర పండితులు చాలామంది వచ్చారు. ఆ రోజుల్లో ఇరాను, ఖురాసాను, అరబ్బు దేశాల నుంచి కొత్తగా ఓడ దిగిన చదువరికి బీదరులో ఒక గది, ఒక పళ్లెం, తన మాట అర్థమయ్యే నలుగురు మనుషులు దొరికేవారు. దూరం నుంచి వచ్చినవారిని కలుపుకొనే విషయంలో ఈ మదరసా సమర్థంగా పనిచేసింది. దీన్ని తక్కువగా చూడకూడదు.

అయితే మదరసా గోడల బయట రాజ్యం రెండుగా చీలి ఉంది. సముద్రం దాటి వచ్చినవారిని 'ఆఫాకీలు' అనేవారు. దిగంతాల నుంచి వచ్చినవారని అర్థం. ముందు తరాలలో ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవారు, ఈ నేల మీద పుట్టి మతం మారినవారు 'దక్కనీలు'. ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు సాధారణంగా దక్కనీల పక్షాన ఉండేవారు. కొలువులు, జాగీరులు, సుల్తాను చనువు - అన్నింటికీ ఈ రెండు పక్షాల మధ్య పోటీ. గావాన్ రావడానికి కొన్నేళ్ల ముందే చాకణ్ వద్ద ఆఫాకీలు పెద్ద సంఖ్యలో హత్యకు గురయ్యారు. తనకు ముందు జరిగిన రక్తపాతం గావాన్‌కు తెలియనిది కాదు.

అందుకే పరిపాలనలో అతడు సమతూకం కోసం గట్టిగా ప్రయత్నించాడు. నాలుగు తరఫులుగా ఉన్న రాజ్యాన్ని ఎనిమిదిగా విభజించాడు. తెలంగాణ తరఫు రాజమహేంద్రవరం, వరంగల్లు అని రెండయింది. ఒక్కొక్క తరఫుదారు చేతిలో ఒక్క కోట మాత్రమే ఉండాలని, మిగిలిన కోటల అధికారులను సుల్తానే నియమించాలని కట్టడి చేశాడు. పదవులలో కూడా ఒక పక్షానికే పెద్దపీట వేయలేదు. యూసుఫ్ ఆదిల్ ఖాన్ వంటి ఆఫాకీలతో పాటు మలిక్ హసన్, ఫతహుల్లా ఇమాదుల్ ముల్క్ వంటి దక్కనీలు కూడా పెద్ద తరఫులను ఏలారు. హసన్, ఫతహుల్లా ఇద్దరూ విజయనగర రాజ్యపు బ్రాహ్మణ కుటుంబాలలో పుట్టి, యుద్ధాలలో పట్టుబడి మతం మారినవారని ఫరిష్తా చెబుతాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. కొలువుల పంపకంలో చూపిన ఈ సమతూకం చదువుల ఇంట్లోకి రాలేదు. మదరసాలో పాఠం నడిచిన భాషలు అరబ్బీ, పారశీకం. బీదరు సంతలో వినిపించే కన్నడం, తెలుగు, మరాఠీ ఆ ముంగిలిలో విద్యాభాషలు కాలేదు. తలుపు వేసి ఎవరినీ వెళ్లగొట్టనక్కరలేదు. లోపల మాట్లాడే భాషే ఆ పని చేసింది. హిరాత్ కవికి చేరిన ఆహ్వానం పక్క ఊరి పిల్లవాడికి చేరలేదు. మధ్యయుగపు విద్యాలయాలన్నీ ఇంచుమించు ఇలాంటివేనని, అగ్రహారాలు, ఘటికాస్థానాలు కూడా అందరివీ కావని చెప్పవచ్చు. ఆ మాట నిజమే. కాని ఈ విద్యాలయం విషయంలో ఆ వెలితికి చెల్లించిన మూల్యం మనకు స్పష్టంగా కనిపిస్తుంది.

తెలంగాణను రెండుగా చీల్చడం మలిక్ హసన్‌కు కంటగింపు అయింది. గావాన్ ముద్ర ఉన్న ఖాళీ కాగితాన్ని సంపాదించి, ఒడిశా గజపతిని దండెత్తి రమ్మని పిలుస్తున్నట్లు దాని మీద దొంగలేఖ రాయించారు. సుల్తాను అప్పుడు కొండపల్లి దండులో ఉన్నాడు. లేఖ చూపగా, ముద్ర తనదేనని, రాత తనది కాదని గావాన్ చెప్పాడు. విచారణ ఏమీ లేకుండానే 1481 ఏప్రిల్ 5న ఆయన తల నరికించారు. తెలుగువారికి బొమ్మల ఊరిగా తెలిసిన కొండపల్లే బీదరు విద్యాలయ నిర్మాత చనిపోయిన చోటు కూడా. నిజం తెలిసి పశ్చాత్తాపపడిన సుల్తాను ఏడాది తిరిగేసరికి మరణించాడు. తరువాతి నాలుగు దశాబ్దాలలో రాజ్యం అయిదు ముక్కలయింది.

ఈ కథను మరొక కథ పక్కన పెట్టి చూడాలి. బీదరుకు పడమరగా, అదే జిల్లాలో, బసవకల్యాణం ఉంది. 12వ శతాబ్దంలో బిజ్జలుని కొలువులో ఉన్నతాధికారిగా ఉన్న బసవేశ్వరుడు అక్కడ శివశరణులను కూడగట్టాడు. చాకలి, చెప్పులు కుట్టేవాడు, పడవ నడిపేవాడు, స్త్రీలు - అందరూ తమ వాడుక కన్నడంలో వచనాలు చెప్పారు. వారు కూర్చుని చర్చించిన అనుభవ మంటపాన్ని 15వ శతాబ్దపు 'శూన్యసంపాదన' గ్రంథాలు వివరంగా చిత్రించాయి. అక్కడ గోడలు, మినార్లు లేవు. ప్రవేశానికి భాష అడ్డు కాలేదు. అదీ హింసలోనే ముగిసింది. బ్రాహ్మణ కుటుంబపు పిల్లకు, చెప్పులు కుట్టే హరళయ్య కొడుకుకు జరిగిన పెండ్లి కారణంగా మరణశిక్షలు పడ్డాయని, శరణులు చెల్లాచెదరయ్యారని వీరశైవ సంప్రదాయం చెబుతుంది.

కాని తరువాత జరిగినది వేరు. చెదిరిన ఆ సమాజపు మాట భాషల హద్దు దాటింది. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో 'బసవపురాణం' రచించాడు. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తెచ్చాడు. కన్నడ దేశపు కథ తెలుగులో కావ్యమై, మళ్లీ కన్నడానికి తిరిగి వెళ్లింది. జనభాషలో మాట్లాడిన సమాజాన్ని జనమే మోసుకొని వెళ్లారు. మదరసాకు అలాంటి వారసులు లేరు. ఫరిష్తా కాలానికి కట్టడం చెక్కుచెదరలేదు; 1657లో బీదరు మొగలుల వశమయిన తరువాత అందులో సైనికులు, తుపాకిమందు చేరాయి. 1696లో ఆ మందు పేలి ముందు భాగం, రెండవ మినారు కూలిపోయాయి. అప్పటికి తమ విద్యాలయం పోయిందని విలపించేవారు ఊరిలో ఎవరూ మిగలలేదు.

బయటి నుంచి వచ్చినవారు ఈ నేల భాషను కలుపుకోవడం అసాధ్యమేమీ కాదు. బహమనీ రాజ్యపు ముక్కలలో ఒకటైన గోలకొండే అందుకు సాక్ష్యం. దాని మూలపురుషుడు సుల్తాన్ కులీ కూడా ఇరాను నుంచి వచ్చిన ఆఫాకీయే. అతని కొడుకు ఇబ్రహీం కుతుబ్ షా ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకొన్నాడు. 1550లో రాజయిన తరువాత తెలుగు కవులను ఆదరించి, మల్కిభరాముడని పిలిపించుకొన్నాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితం. పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర'ను అంకితం పుచ్చుకొన్న అమీన్ ఖాన్ ఉన్న పటాన్‌చెరు హైదరాబాదు నుంచి బీదరుకు పోయే దారిలోనే ఉంది. మదరసాలో జరగని పని కొన్ని తరాల తరువాత, అదే రాజ్యపు మరో ముక్కలో జరిగింది.

భాష గడపగా మారడం మధ్యయుగంతో ఆగిపోలేదు. బీదరు 1956 దాకా హైదరాబాదు రాజ్యంలో ఒక జిల్లా. ఆ రాజ్యంలో ఇంచుమించు సగం మంది తెలుగు మాట్లాడేవారు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడ భాషలవారు ఎక్కువ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. దేశభాషలో ఉన్నత విద్య అనే ఆదర్శం గొప్పదే. ఆ దేశభాష కొద్దిమందిదే కావడం చిక్కు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1956 విభజనలో జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్ వైపు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి, మిగిలిన బీదరు మైసూరుకు వెళ్లాయి. సరిహద్దులు గీసినంత మాత్రాన మనుషుల మాటలు విడిపోలేదు.

ఈ ఊరికి కలుపుకొనే గుణం లేదని కాదు. అష్టూరులో ఉన్న అహమద్ షా సమాధి వద్ద ఏటా హోళీ వేళకు జరిగే ఉరుసుకు జంగమయ్య ఊరేగింపుగా వస్తాడు. గురునానక్ పేరు మీద వెలసిన ఝీరా వద్ద లంగరులో కులమతాలు అడగకుండా అన్నం పెడతారు. 1699లో గురు గోవింద్‌సింగ్ పిలుపుకు తల ఒగ్గిన పంచప్యారేలలో ఒకరైన సాహిబ్‌సింగ్ బీదరు మంగలి కుటుంబంవాడు. అయినా 1988 సెప్టెంబరులో అదే ఊరిలో, చదువుకోవడానికి దూరం నుంచి వచ్చిన సిక్కు విద్యార్థులు ఆరుగురు హత్యకు గురయ్యారు. చాకణ్ నాటి పగకు, దీనికి నేరుగా సంబంధం లేదు. కాని బయటివాడు, లోపలివాడు అన్న విభజన ఎంత సులభంగా కత్తి పట్టిస్తుందో రెండూ చెబుతాయి.

ఇన్ని శతాబ్దాల సంగతులను కలిపి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ఒక విద్యాలయం దూరపువారికి గది ఇవ్వడం ఎంత అవసరమో, పక్కవాడి భాషకు పీట వేయడం అంతే అవసరం. మొదటిది గావాన్ ఉదారంగా చేశాడు. రెండవది చేయలేదు. ఆయన మరణానికి అదే కారణమని అనలేం. కాని అంత గొప్ప ఇంటిని నిలబెట్టుకోవడానికి ఆ ఊరివారు ఎందుకు ముందుకు రాలేదో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

తెలుగు నేల వెలుపల తెలుగు చదువుతున్న విద్యార్థులు ఈ చరిత్రలో రెండు వైపులా ఉన్నారు. వారున్న ఊరిలో వారు బయటినుంచి వచ్చినవారు. ఆ ఊరి భాష నేర్వడం వారి పని. తమ తెలుగు శాఖలో మాత్రం వారే ఇంటివారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా అక్షరం రానివారు, యాస వేరైనవారు, తెలుగు మాతృభాష కాకపోయినా నేర్చుకోవాలనుకొనేవారు ఆ శాఖ తలుపు దాకా వస్తారు. వారిని లోపలికి పిలిచి కూర్చోబెట్టడం శాఖ పని. అందుకు మూడంతస్తుల భవనం గాని, మూడు వేల గ్రంథాలు గాని అక్కరలేదు.