చెయ్యి పోతే నష్టం ఎవరిది? పిచ్చర్ల పదేళ్ల కాంట్రాక్టుల కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒకరు మీ చెయ్యిని నమ్మి పదేళ్లకు అగ్రిమెంట్ రాసుకున్నారు. మొదటి ఏడాదే ఆ చెయ్యి దెబ్బతింది. మిగిలిన తొమ్మిదేళ్ల నష్టం ఎవరిది? మీదా, రాసుకున్నవాళ్లదా?

ఇది నిజంగా జరిగింది. 1976లో అమెరికాలో వేన్ గార్లండ్ అనే బేస్‌బాల్ పిచ్చర్ బాల్టిమోర్ జట్టుకు 20 మ్యాచ్‌లు గెలిపించాడు. పిచ్చర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటోడు. ఆ సీజన్ అయిపోగానే క్లీవ్‌లాండ్ జట్టు అతనితో పదేళ్లకు 23 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ రాసుకుంది. కొత్త జట్టు ప్రాక్టీస్ క్యాంపులోనే భుజం దెబ్బతింది. 1978లో ఆపరేషన్. క్లీవ్‌లాండ్ తరఫున మొత్తం 28 గెలుపులు, 48 ఓటములు. ఐదు సీజన్లకే ఆట ముగిసింది. కాంట్రాక్ట్ మాత్రం ఇంకో ఐదేళ్లు మిగిలే ఉంది.

మరి అంత రిస్క్ ఎందుకు తీసుకున్నారు? దీని వెనక చరిత్ర ఉంది. అప్పటిదాకా అక్కడ రిజర్వ్ క్లాజ్ అని ఒక రూల్ నడిచింది. కాంట్రాక్ట్ ముగిసినా ఆటగాడు ఆ జట్టు సొంతమే, తనంతట తాను వేరే జట్టుకు పోలేడు. ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్లు కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టకుండానే 1975 సీజన్‌లో దిగారు. ఆ డిసెంబర్‌లో మధ్యవర్తి పీటర్ సైట్జ్ వాళ్లకు స్వేచ్ఛ ఉందని తీర్పు ఇచ్చాడు. అంతే, జట్ల మధ్య పోటీ మొదలైంది. ఒకరు మూడేళ్లు అంటే ఇంకొకరు ఐదేళ్లు, మరొకరు పదేళ్లు! అంటే ఆఖరి ఏళ్లకు ఇచ్చే డబ్బు నిజానికి మొదటి ఏళ్ల ఆటకు కట్టే ధర.

సమస్య ఏంటంటే, పిచ్చర్ సంపాదన మొత్తం ఒక మోచెయ్యి, ఒక భుజం మీద నిలబడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో మేము దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచ్చర్ మోచెయ్యికి కొత్త లిగమెంట్ వేసి కెరీర్ నిలబెట్టాడు. ఆ ఆపరేషన్‌ను ఇప్పటికీ టామీ జాన్ పేరుతోనే పిలుస్తారు. కానీ వైద్యం అందరినీ కాపాడలేదు. 2019లో వాషింగ్టన్ జట్టు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కు ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఆ తర్వాత అతను ఆడింది 8 మ్యాచ్‌లు. అక్కడి కాంట్రాక్ట్ గ్యారంటీ కాబట్టి, గాయమైంది కదా అని జట్టు డబ్బు ఆపడానికి లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో పెద్దవాళ్లను అడగండి, మనిషి చెయ్యి మీద అగ్రిమెంట్ అంటే ఏంటో చెప్తారు. నిజాం రాజ్యంలో దాన్ని భగేలా అనేవాళ్లు. పెళ్లికో, కరువుకో దొర దగ్గర అప్పు తీసుకుంటే, అది తీరేదాకా జీతం ఉండాలి. వడ్డీ పెరిగేది, పని తరిగేది కాదు. తండ్రి పడిపోతే కొడుకు వచ్చేవాడు. అంటే చెయ్యి పోయినా దొరకు నష్టం లేదు, మొత్తం నష్టం జీతగాడి ఇంటిదే. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టంలో భగేలా, జీతం, పాలేరు, వెట్టి అనే మాటలు పేర్లతో సహా ఉన్నాయి. దానికి ముందు వచ్చిన ఆర్డినెన్స్ 1975 అక్టోబర్‌ది. అమెరికా పిచ్చర్ల తీర్పుకు రెండు నెలల ముందు!

లక్షల డాలర్ల ఆటగాణ్ణి, తిండికి లేని జీతగాణ్ణి ఒకే గాటన కట్టడం లేదు. ప్రశ్న మాత్రం ఒకటే: శరీరం ఆగిపోతే భారం ఎవరు మోస్తారు?

మన ఆటల్లో ఇప్పుడు ఎలా ఉంది? బీసీసీఐ సెంట్రల్ కాంట్రాక్ట్ ఏడాదికోసారి ఇస్తారు. ఐపీఎల్, కబడ్డీల్లో వేలం. 2022లో చెన్నై 14 కోట్లకు కొన్న దీపక్ చహర్ గాయంతో ఆ సీజన్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అదే ఏడాది ప్రో కబడ్డీలో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు పైగా పెట్టి పవన్ సెహ్రావత్‌ను కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది, సీజన్ పోయింది. తర్వాతి ఏడాది మన తెలుగు టైటాన్స్ అతన్ని 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చి తీసుకుంది.

పవన్ స్టార్ కాబట్టి మళ్లీ కోట్లు వచ్చాయి. పేరు లేని పిల్లగాడికి మోకాలు పోతే? కాంట్రాక్ట్ చిన్నదైతే జట్టు నష్టం ఒక్క సీజన్‌తో ఆగుతుంది, మిగతాది ఆటగాడి ఇంటికి వస్తుంది. పెద్ద కాంట్రాక్ట్‌ను చూసి ఆ జట్టు మోసపోయింది అని నవ్వుతాం గానీ, గార్లండ్ ఇల్లు గడిచింది దానివల్లే.

ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొన్నాక మన గ్రౌండుల్లో ఎంతమంది పిల్లలు ఫాస్ట్ బౌలింగ్ మొదలుపెట్టారో మీకూ తెలుసు. వాళ్లలో ఎవరికైనా రేపు అకాడమీ నుంచో, క్లబ్ నుంచో కాగితం వస్తే, అంకె చూసి సంతకం పెట్టొద్దని చెప్పండి. మూడు లైన్లు వెతకమనండి: ఎన్నేళ్లు? గాయమైతే డబ్బు వస్తుందా? ఆపరేషన్ ఖర్చు ఎవరిది? ఆ మూడు లేకపోతే, రిస్క్ మొత్తం తనదే అని అర్థం.

మీ ఊళ్లో భగేలా గురించి తాతలు చెప్పిన కథలుంటే కామెంట్‌లో రాయండి.