అట్లాంటికు అడుగున నిజాము నోట్లు

ఫ్రాన్సు దేశపు పడమటి కొనకు ఆవల అట్లాంటికు మహాసముద్రమున ఉషంట్ అను చిన్న ద్వీపము కలదు. 1932వ సంవత్సరమున ఆ ద్వీపమునకు దూరముగా నడికడలిలో నిలిచిన ఇటలీవారి ఓడ యొకటి, పదేండ్లుగా అడుగున పడియున్న వేరొక ఓడ పొట్టలోనికి బంగారము కొరకు పెద్ద ఇనుపకొక్కెమును దింపి లాగుచుండగా, ఆ కొక్కెపు గోళ్ళకు చిక్కి పైకి వచ్చిన వస్తువులలో నానిన కాగితపు కట్టలు కొన్ని యుండెను. అవి హైదరాబాదు నిజాము ప్రభుత్వమువారి నోట్లు. ఉర్దూ సరసన మరాఠీ, కన్నడములతోపాటు మన తెలుగు లిపియు అచ్చుపడిన ఆ కాగితములు, ఓరుగల్లు సంతలోనో పాలమూరు అంగడిలోనో చేతులు మారవలసినవి, చేపల నడుమ పదేండ్లు గడపినవన్న సంగతి తెలిసిన నాటినుండి నాకు పాతనోట్ల చరిత్ర కేవలము కాలక్షేపముగా గాక వ్యసనముగా పరిణమించినది.

వింతనోట్లను కూడబెట్టి, వాటిని స్థలమువలెను బంగారమువలెను దీర్ఘకాలపు పెట్టుబడిగా ఎంచువారు నేడు మన పట్టణములలో పెక్కురు కలరు. ఏ కాగితమునకు విలువ పెరుగునో, ఏల పెరుగునో తెలిసికొనగోరు అట్టివారికి ఈ మునిగిన నోటుకంటె మంచి గురువు లభింపడని నా విశ్వాసము.

ఆ నోట్లు ఓడ యెక్కుటకు కారణము వెండి కరవు. మొదటి ప్రపంచయుద్ధము ముదిరిన కొలది మన దేశమున వెండిరూపాయలు ప్రజల పెట్టెలలోనికి చేరి బయటికి రాకుండెను. నోటు తెచ్చినవానికి వెండి ఈయవలసిన ప్రభుత్వపు ఖజానా 1918 నాటికి అడుగంటసాగెను. అమెరికా ప్రభుత్వము ఆ యేడు ఏప్రిలులో ప్రత్యేక శాసనము చేసి, తన వెండిడాలర్లను కరిగించి, ఇంచుమించు ఇరువది కోట్ల ఔన్సుల వెండిని భారతదేశము కొరకు ఇంగ్లండునకు అమ్మినది. ఆ యిక్కట్టులోనే, 1917 నవంబరు 30న బ్రిటిషు ఇండియా ప్రభుత్వము మొదటి ఒక రూపాయి నోటును, మరుసటి జనవరిలో నేటి సంగ్రాహకులకు ప్రాణప్రదమైన రెండు రూపాయల ఎనిమిదణాల నోటును విడుదల చేసినది. ఖర్చునకు తగిన ప్రయోజనము లేదని తలచి 1926 జనవరి 1 నుండి ఆ రెంటిని నిలిపివేసిరి.

హైదరాబాదు సంస్థానము అంతకు పూర్వమే స్వంత నోట్లకై పలుమారులు యత్నించి యుండెను. సంస్థానాధీశులు కాగితపు ద్రవ్యమును ముద్రించుకొనుట బ్రిటిషువారికి కిట్టదు. ఒకవైపు వెండి కరవు, మరియొకవైపు యుద్ధమునకు నిజాము చేసిన విశేష సహాయము వారి పట్టును సడలింపగా, 1918లో హైదరాబాదు కరెన్సీ చట్టము వెలసి, పది, నూరు రూపాయల నోట్లు పుట్టినవి. 1919లో ఒకటి, అయిదు రూపాయల నోట్లును, 1926లో వేయి రూపాయల నోటును వచ్చినవి. నాసిక్ ముద్రణాలయము ఏర్పడువరకు వీటిని లండనులోని వాటర్లో అండ్ సన్స్ కంపెనీవారు అచ్చువేసి ఓడలమీద పంపుచుండిరి.

ఆ కాలమును గూర్చి యెంత వ్రాసినను నాకు తనివి తీరదు. నిజాము రాజ్యమున ఇంగ్లీషువారి రూపాయిని కల్దారనియు, రాజ్యపు స్వంత రూపాయిని హాలీ సిక్కా యనియు వ్యవహరించెడివారు. నూరు కల్దారులకు నూటపదునారు రూపాయల పదణాల ఎనిమిది పైల హాలీ. అనగా ఆరింటికి ఏడు. మద్రాసు రాజధానినుండి సరిహద్దు దాటి వచ్చిన ప్రతి తెలుగువానికిని ఈ లెక్కతో పని పడెడిది. దీనికి తోడు నోటుమీద క్రీస్తుశకము గాక ఫసలీ సంవత్సరము ఉండును గనుక, నేడు దానిని చేతబట్టినవాడు ఆ యంకెకు 590 చేర్చుకొనినగాని తేదీ తెలియదు.

అన్నింటికంటె నన్ను ఆలోచింపజేసినది ఆ నోటుమీది తెలుగు. రాజభాష ఉర్దూ. బడిలోను కచేరీలోను తెలుగు తన చోటు తాను వెదకుకొనవలసిన దినములవి. 1921 నవంబరులో హైదరాబాదునందు జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ఉపన్యసింపబోగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్రజనసంఘము జనించినది. ఆ సభ జరిగిన ఆరు మాసములకే ఈ నోట్ల పెట్టెలు ఓడతో మునిగినవి. సభలో నోరు విప్పనీయని భాషకు నోటుమీద చోటెట్లు దొరకెనని విచారింపగా సమాధానము సులభముగనే తోచును. కాగితపు ముక్కను రూపాయిగా నమ్మవలసినవాడు పన్నుకట్టు రైతు. వానికి తెలియని లిపిలో చేసిన వాగ్దానమును వాడు నమ్మడు. గౌరవము ఈయకుండ భాష నోరు మూయించుట సాధ్యమేగాని, నమ్మకము లేకుండ నోటును చెల్లించుట ఏ ప్రభువునకును సాధ్యము కాదు.

ఇక ఓడ సంగతి. పీ అండ్ ఓ కంపెనీవారి ‘ఈజిప్టు’ లండను రేవునుండి బొంబాయికి బయలుదేరి, 1922 మే 20 సాయంకాలము దట్టమైన మంచులో ‘సేన్’ అను ఫ్రెంచి సరకుల ఓడ ఢీకొనగా ఇరువది నిమిషములలో మునిగిపోయెను. ఎనుబదియారుగురు మరణించిరి. పది లక్షల పౌనులకు పైబడిన బంగారము, వెండి దానితో అడుగంటెను. 1930 ఆగస్టులో సోరీమా అను ఇటాలియను సంస్థవారి ‘ఆర్తీలియో’ నావ దానిని కనుగొన్నది. మామూలు గజయీతగాండ్రు దిగలేని లోతు గనుక, దళసరి అద్దపు కిటికీలుగల ఇనుపగూటిలో నొక మనిషిని కూర్చుండబెట్టి దింపెడివారు. చేతులు చాపుటకైన వీలులేని ఆ గూటినుండి అతడు టెలిఫోనులో ‘కుడికి, ఎడమకు, ఇంకను క్రిందికి’ అని చెప్పుచుండగా పైవారు కొక్కెమును నడపెడివారు. ఆ డిసెంబరులో, వేరొక చోట మునిగియున్న యుద్ధకాలపు మందుగుండు ఓడ శిథిలమును పేల్చుచుండగా కలిగిన మహావిస్ఫోటములో ‘ఆర్తీలియో’యే నాశమై, ఈతగాండ్ర నాయకుడు ఆల్బెర్తో జాన్నీయు అతని సహచరులు పలువురును మరణించిరి. అయినను ఆ సంస్థ మరియొక నావకు ఆ పేరే పెట్టి, 1932 జూనులో తొలి బంగారమును తీసినది.

బంగారము కరిగి రూపుమాసి లోకపు బంగారములో కలిసిపోయినది. ఏ కడ్డీ ఈజిప్టుదో నేడు ఎవరును చెప్పలేరు. ఖజానా చేరని, ఎన్నడును చెల్లని ఆ నోట్లు మాత్రము, రంగు వెలిసి, అంచులు చివికి, గోధుమవన్నె మరకలతో, సంగ్రాహకుల చేతులలో నిలిచినవి. ఓడ క్షేమముగా బొంబాయి చేరియున్నచో అవి నాలుగేండ్లు చెల్లి, నలిగి, చినిగి, ప్రభుత్వపు కొలిమిలో భస్మమై యుండెడివి.

ఈ నోటునకు దాయాది యొకటి కలదు. 1918 జూలై 2న లండనునుండి బొంబాయికి పోవుచున్న ‘శిరాలా’ ఓడను జర్మను జలాంతర్గామి ముంచివేసెను. అందు సంతకములు పడని అయిదు, పది రూపాయల బ్రిటిషు ఇండియా నోట్లును, సంతకములు పడిన ఒక రూపాయి నోట్లును ఉండెను. అలలకు ఒడ్డు చేరినవాటిని అధికారులు ఏరించి చాలవరకు నాశనము చేసిరి. అయినను కొన్ని చేతులు తప్పిపోయినవి. వాటిలో 1918 మే 25 తేదీగల రెండు పదిరూపాయల నోట్లను 2024 మేలో లండనులో నూనన్స్ సంస్థ వేలము వేయగా, ఒకటి 6,500 పౌనులును, రెండవది 5,500 పౌనులును పలికినవి. మొదటిది మన లెక్కలో ఆరున్నర లక్షల రూపాయలకు పైమాటయే.

పది రూపాయలు ఆరున్నర లక్షలకు పైబడినవని గుండె చేతబట్టుకొనక ముందు, పాఠకుడు కాగితము, కలము తీసికొనవలెను. నూటయారు సంవత్సరముల కాలమునకు ఇది సాలుకు నూటికి సుమారు పదునొకండు వంతున చక్రవడ్డీ. మంచి వడ్డీయే, సందేహము లేదు. కాని మనుష్యుని ఆయువు నూటయారేండ్లు కాదు, వేలమువారి రుసుము ఈ లెక్కలో చేరలేదు, అన్నింటికి మించి ఇది గెలిచిన నోటు లెక్క. ఆ యేడు అచ్చుపడిన తక్కిన పదిరూపాయల నోట్లు చాలవరకు తమ యజమానులకు పది రూపాయలే తెచ్చినవి.

వాటర్లో వారి పేరు వచ్చినది గనుక వారి దురదృష్టమును గూడ చెప్పి ముందుకు సాగెదను. 1925లో ఆల్వెస్ రైష్ అను పోర్చుగీసువాడు దొంగపత్రములు సృష్టించి, అది పోర్చుగల్ బ్యాంకు ఉత్తరువేయని నమ్మించి, అయిదువందల ఎస్కుడోల నోట్లను ఆ కంపెనీచేతనే అచ్చు వేయించెను. అచ్చు అసలుది, కాగితము అసలుది, పలకలు అసలువి. ఉత్తరువు ఒక్కటియే దొంగది! ఆ మోసము బయటపడి పోర్చుగల్ అల్లకల్లోలమాయెను. బ్యాంకు వేసిన దావా ఇంగ్లండు ప్రభువుల సభవరకు పోయి, ఈజిప్టు బంగారము పైకి వచ్చిన 1932లోనే వాటర్లో వారికి ప్రతికూలముగా తీర్పయ్యెను.

పూర్వకాలమును క్లుప్తముగా ముగింతును. చీనావారు పదునొకండవ శతాబ్దినాటికే రాజముద్రతో నోట్లు చెల్లించిరి. 1375లో మింగు చక్రవర్తి వేయించిన మల్బరీ కాగితపు నోటు నేటి నోట్లకంటె మిక్కిలి పెద్దది. 1685లో కెనడాలోని ఫ్రెంచి అధికారి సిపాయీలకు జీతమీయ నాణెములు లేక, పేకముక్కలమీద సంతకము చేసి పంచిపెట్టెను. మన దేశమున బ్యాంక్ ఆఫ్ హిందుస్తాన్ మొదలగు ప్రైవేటు బ్యాంకులు పదునెనిమిదవ శతాబ్దిలో నోట్లు వేసినవి. 1861 చట్టము ఆ యధికారమును ప్రభుత్వమునకే కట్టబెట్టినది. ఆ కాలపు వర్తకులు టపాలో సొమ్ము పంపునపుడు నోటును నడిమికి కత్తిరించి, ఒక సగము చేరినట్లు జాబు వచ్చిన పిమ్మటనే రెండవ సగమును పంపెడివారు. అట్లు కత్తిరించి అతికిన నోటు నేడు కనబడినచో దానిని లోపముగా ఎంచక చరిత్రగా ఎంచుడని మనవి.

మనము పోగొట్టుకొనినది తక్కువ కాదు. రాతిశాసనము పొలములో దొరకును, నాణెము పునాదిలో దొరకును. నోటు మాత్రము ప్రభుత్వము వెనుకకు తీసికొనగనే కాలి బూడిదయగును. 1950 తరువాత ఏడు హాలీలకు ఆరు కల్దారుల చొప్పున మారుచు, 1959 నాటికి హైదరాబాదు రూపాయి అంతరించినది. ఆ నోట్లమీది ఆర్థికమంత్రుల సంతకములను వరుసగా చదివినచో ఒక రాజ్యపు చరిత్రయే తెలియును: వారిలో గులాం ముహమ్మద్ పిమ్మట పాకిస్తాను గవర్నరు జనరలాయెను, జాహిద్ హుసేను ఆ దేశపు స్టేట్ బ్యాంకునకు తొలి గవర్నరాయెను. ఆ సంతకములు చదువగలవారు, కల్దారు హాలీల లెక్క నోటితో చెప్పగలవారు మన యిండ్లలో నుండగా వారిని అడిగి వ్రాసికొనినవారెందరు?

పెట్టుబడి మాట యెత్తినవారికి నాలుగు మాటలు. నోటు ధర మొదట దాని దేహస్థితిని బట్టి యుండును: మడతలేనిది మేలు, బ్యాంకువారి పిన్ను రంధ్రము చిన్నదైనను ధరను తగ్గించును, ఉతికి ఇస్త్రీ చేసిన నోటును అనుభవజ్ఞుడు వ్రేలితో తాకగనే పట్టును. రెండవది, శుభప్రదమని కొందరెంచు 786 మొదలైన అంకెల నోట్లకు అభిమానమే మూల్యము. అభిమానము తగ్గిన దినమున అది ఉత్త నోటు. మూడవది, పాతనోటునకు లక్షలిత్తుమను ప్రకటనలను నమ్మి ముందుగా రుసుము చెల్లింపకుడు. తన పేరుతో సాగు అట్టి మోసములను గూర్చి రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించియున్నది. నాలుగవది, 2016లో రద్దయిన అయిదువందల, వేయి రూపాయల నోట్లను పదింటికి మించియు, నాణెశాస్త్రాధ్యయనమునకైనచో ఇరువదియయిదింటికి మించియు దాచుటను 2017 చట్టము నిషేధించినది.

దాచుటకే అచ్చువేసి, దాచుటకే కొన్న కాగితము ఎన్నడును అరుదు కాజాలదు. అందరును దాచుదురు గనుక. నోటును అరుదుగావించునవి మంచు, యుద్ధము, అగ్ని, మతిమరుపు. వీటిని ముందుగా ఊహింపగల వర్తకుడు పుట్టలేదు. కావున పిల్లల చదువునకు, ముసలితనమునకు దాచుకొనిన సొమ్మును ఈ త్రోవలో పెట్టకుడు. పోయినను బాధలేని సొమ్ముతో, చదివి తెలిసికొనిన నోటును మాత్రమే కొనుడు. ధర పెరిగినచో లాభము. పెరగకున్నను ఒక రాజ్యపు చరిత్ర ఇంట నుండును.