హాస్టల్ అన్నం బాకీ ఎవరికి కట్టాలి?

ఈ ఎపిసోడ్ ఒక మెస్ బిల్లుతో మొదలుపెడతా.

మాది కల్వకుర్తి. బీటెక్ కోసం హైదరాబాద్ వచ్చిన మొదటి వారంలోనే ఒక సీనియర్ అన్న రూమ్‌కొచ్చి "ఏ ఊరు తమ్మీ?" అనడిగిండు. ఊరి పేరు చెప్పగానే "అరే, మనోడివే" అన్నడు. పాత పుస్తకాలిచ్చిండు. ఒక నెల ఇంటి నుంచి పైసలు రాకపోతే నా మెస్ బిల్లు కూడా ఆయనే కట్టిండు. తర్వాత తిరిగి ఇయ్యబోతే తీసుకోలే. "నాకొద్దు, నీ జూనియర్‌కి ఇయ్యి" అన్నడు.

అమెరికా కాలేజీల్లో దీన్ని ఫ్రటర్నిటీ అంటారు. 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పా పుట్టింది. గ్రీకు అక్షరాల పేర్లు, రహస్య ప్రమాణాలు, అందరూ అన్నదమ్ములమనే భావన అక్కడి నుంచే పాకింది. మన దగ్గర అలాంటి ప్రమాణాలేం లేవు. మనకున్నది హాస్టల్. ఒకే పప్పు తిన్నోళ్లు జీవితాంతం ఒకరికొకరు నిలబడాలనేది మన లెక్క.

ఈ లెక్క హైదరాబాద్‌లో ఎట్ల నడిచిందో చూడాలంటే 1918కి పోవాలి. ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన సంవత్సరం అది. పాఠాలన్నీ ఉర్దూలో. తెలుగు పల్లెల నుంచి వచ్చే పిల్లగాడికి సిటీలో భాష కొత్త, తిండి కొత్త, తలదాచుకునే చోటు లేదు. అదే 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. పెట్టించినాయన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. ఊరు వనపర్తి సంస్థానంలోని రాయణిపేట, అంటే మన దిక్కే. తర్వాత ఆయన హైదరాబాద్ కొత్వాల్, అంటే నగర పోలీసులకు పెద్ద అయ్యిండు.

ఆ హాస్టల్ బాధ్యతలు చూసినాయన కూడా మన దిక్కాయనే. గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి. పిల్లలకు అన్నం పెట్టి, పడక చూపిస్తే సరిపోతుందని ఆయన అనుకోలే. చదివే అలవాటు రావాలి, సొంత భాష మీద గౌరవం ఉండాలి అనుకున్నడు. ఆ రోజుల్లోనే, 1926లో గోలకొండ పత్రిక పెట్టిండు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు కూడా ఆయనే. ఒక హాస్టల్ పని చూసినాయన మొత్తం తెలంగాణ తెలుగువాళ్ల పని నెత్తికెత్తుకున్నడన్నమాట.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలె. అది కులం పేరుతో పెట్టిన హాస్టల్. చందాలివ్వడానికి సంస్థానాలు, భూములున్న కుటుంబాలు ఉన్నయి. ఆ వెనకబలం లేని పిల్లల సంగతేంటి? అదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ అప్పటికే దళిత పిల్లల కోసం బడులు నడుపుతున్నడు. ఆయన పేరులో రెడ్డి ఉన్నా ఆయన దళితుడు. 1911లో మన్య సంఘం పెట్టినాయన. ఒకే ఊర్లో ఒక హాస్టల్‌కు రాజుల అండ ఉంది, ఇంకో బడికి పైసా పైసా పోగెయ్యాల్సి వచ్చింది. ఆ తేడాను మర్చిపోయి హాస్టల్‌ను పొగిడితే అది సగం చరిత్రే అయితది.

మరి ఆ గీత దాటినోళ్లు లేరా? ఉన్నరు. రావి నారాయణరెడ్డి ఆ హాస్టల్లో ఉండి చదువుకున్నడు. తర్వాత హరిజన సేవక సంఘంలో పనిచేసిండు, దళిత పిల్లల కోసం హాస్టల్ నడిపిండు. ఆపైన తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడై దొరలకు ఎదురు నిలబడ్డడు. ఆ దొరల్లో ఆయన కులపోళ్లే ఎంతోమంది. 1952లో నల్లగొండ జనం ఆయన్ని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపిన్రు. తాను తిన్న అన్నం బాకీని ఆయన ఇంకొకరి కంచంలో తీర్చిండని నాకనిపిస్తది.

ఇప్పుడు నా సంగతి. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు మా కంపెనీలో రెఫరల్స్ ఇచ్చేవాళ్లం. మా హాస్టల్ గ్రూప్‌లో ఎవరడిగినా ఆ రాత్రికే పంపేవాణ్ణి. ఒకసారి అచ్చంపేట దిక్కు పిల్లగాడు మెసేజ్ పెట్టిండు. మంచి రెజ్యూమె. మా హాస్టల్ కాదు, మా బ్యాచ్ కాదు. "చూస్తా తమ్మీ" అన్న. చూడలే. మూడుసార్లు గుర్తు చేసి ఊకున్నడు.

ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే ఆ పిల్లగాడే యాదికొచ్చిండు. మొన్న ఫోన్ చేసిన. వేరే చోట జాబ్ వచ్చిందట. "పర్లేదన్నా" అన్నడు. ఆ మాట విన్నంక నాకే మంచిగనిపించలే.

మా సీనియర్ "నీ జూనియర్‌కి ఇయ్యి" అన్నడే గానీ, ఆ జూనియర్ మన హాస్టలోడే కావాలని అనలే. ఆ షరతు నేనే పెట్టుకున్న.

మీకెవరైనా ఇట్ల మెసేజ్ పెట్టి ఎదురుచూస్తుంటే, ఈ ఎపిసోడ్ అయిపోగానే ఒకసారి తెరిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.