వార్డు నుంచి డిగ్రీకి

ఇంటర్ అయిన అమ్మాయి నేరుగా బీఎస్సీ నర్సింగ్‌లో చేరితే నాలుగేళ్లలో డిగ్రీ చేతికొస్తుంది. ఇంట్లో డబ్బు చాలకో, త్వరగా జీతం అవసరమయ్యో ఆమె మూడేళ్ల జీఎన్ఎమ్ (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమాలో చేరిందనుకుందాం. తర్వాత కొన్నేళ్లు ఉద్యోగం చేసి, డిప్లొమా నర్సులకు డిగ్రీ ఇచ్చే పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యాలంటే రెగ్యులర్ కోర్సులోనైనా మరో రెండేళ్లు పడుతుంది. మొత్తం అయిదు. మధ్యలో వార్డులో గడిపిన ఏళ్లు కోర్సులో చేరే అర్హతకు పనికిరావచ్చు గానీ, కోర్సును ఒక్క నెల కూడా తగ్గించవు. ఈ లెక్క ఎలా తయారైందన్నదే ఇక్కడి విషయం.

మొదట్లో పరిస్థితి దీనికి తలకిందులు. నర్సింగ్ చదువంటేనే పని. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో నర్సుల శిక్షణ మొదలైంది. తర్వాత మిషనరీలు ఆసుపత్రి పెట్టిన చోటల్లా శిక్షణా వచ్చింది. గుంటూరులో అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో తెరిచారు. వెల్లూరులో ఐడా స్కడర్ 1909లో నర్సింగ్ స్కూలు పెట్టారు. ఈ స్కూళ్లలో విద్యార్థిని అంటే సగం ఉద్యోగి. పక్కలు సర్దేదీ, కట్లు కట్టేదీ, రాత్రంతా రోగుల దగ్గర మేలుకునేదీ ఆమే. పాఠం ఆ పనుల మధ్య దొరికిన గంటలో జరిగేది. అది దోపిడీ కాదా అంటే, చాలావరకు అవుననే అంటాను. విద్యార్థినుల చాకిరీ లేకపోతే చాలా ఆసుపత్రులు నడిచేవి కావు. కానీ చేసిన ప్రతి పనీ చదువు కిందే జమయ్యేది. మద్రాసు రాష్ట్రంలో 1926లో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ మొదలయ్యాక కూడా ఈ పద్ధతి మారలేదు.

మార్పు భోర్ కమిటీతో వచ్చింది. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించడానికి 1943లో వేసిన ఆ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. దేశమంతటికీ ఉన్న నర్సులు దాదాపు 7,000 మంది, అంటే 43,000 మంది జనానికి ఒక్కరు అని తేల్చింది. నర్సుల బతుకులు, వాళ్ల వసతి ఎంత అధ్వానంగా ఉన్నాయో మొహమాటం లేకుండా రాసింది. నర్సింగ్‌కు విశ్వవిద్యాలయ స్థాయి చదువు కావాలన్న వాదన అప్పుడే బలపడింది. అదే 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. ఢిల్లీ కాలేజీకి మార్గరెటా క్రెయిగ్ ప్రిన్సిపల్. దేశ తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరు తర్వాత ఆ కాలేజీకి పెట్టారు. 1947 డిసెంబరులో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది.

ఇక్కడే దారులు చీలాయి. డిగ్రీ దారి స్కూలు ఫైనలో, ఇంటరో పూర్తిచేసిన పిల్లలది. ఆసుపత్రి స్కూళ్లలో చదివి, వార్డులో అప్పటికే చాకిరీ చేస్తున్న సర్టిఫికెట్ నర్సులకు అందులో చోటు లేదు. పైకి చదవాలనుకుంటే సిస్టర్ ట్యూటర్ లాంటి చిన్న కోర్సులే గతి. 1959లో ఢిల్లీలో నర్సింగ్ మాస్టర్స్ మొదలైంది. డిగ్రీ ఉంటే తప్ప అందులోకి ప్రవేశం లేదు, డిగ్రీకేమో వార్డు నుంచి దారి లేదు. 1963లో తిరువనంతపురంలో సర్టిఫికెట్ నర్సుల కోసం రెండేళ్ల డిగ్రీ కోర్సు పెట్టాకే ఈ చిక్కు కొంత వీడింది. మన దేశంలో పోస్ట్ బేసిక్ బీఎస్సీకి అదే ఆరంభం. ఇది వార్డు నర్సుల మీద ప్రేమతో పెట్టిన కోర్సని నేను అనుకోను. స్కూళ్లు, కాలేజీలు పెరుగుతున్న రోజులవి. వాటికి ట్యూటర్లు కావాలి, ఆసుపత్రులకు సూపరింటెండెంట్లు కావాలి. వాళ్లను తయారుచేసుకోవడానికి దగ్గరి దారి ఇదే.

పైగా రెండేళ్లు పూర్తికాలం చదవాలి. సర్కారు నర్సైతే సెలవు మంజూరు కావాలి. ప్రైవేటు నర్సైతే రాజీనామాయే. 1987లో సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతాధికార కమిటీ, డిప్లొమా నర్సులు పైకి చదవడానికి ఈ కోర్సు కొనసాగాలని సిఫార్సు చేసింది. వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోని నర్సింగ్ స్కూళ్లను దశలవారీగా డిగ్రీ స్థాయికి పెంచమనీ చెప్పింది. సెలవు సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

పనిచేస్తూనే డిగ్రీ అన్న మాటకు నిజంగా అర్థం వచ్చింది 1994లో. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టినా, నర్సులకు దూరవిద్య డిగ్రీ తెచ్చింది ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో). కోర్సు మూడేళ్లు. రిజిస్టర్డ్ నర్సై ఉండాలి, సర్వీసు ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. పదో తరగతి తర్వాతే నర్సింగ్‌లో చేరిన పాతతరం వాళ్లకూ, ఎక్కువ ఏళ్ల సర్వీసు ఉంటే, తలుపు తెరిచింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా ఉదారమైన నిబంధన అదే.

అయితే దూరవిద్య అన్నంత మాత్రాన ఇంట్లో కూర్చుని చదివేది కాదు. అధ్యయన కేంద్రంగా ఉన్న నర్సింగ్ కాలేజీకి కాంటాక్ట్ క్లాసులకు వెళ్లాలి, ప్రాక్టికల్స్ చెయ్యాలి, అసైన్‌మెంట్లు చేతిరాతతో పంపాలి. నైట్ డ్యూటీ దిగి, మొహం కడుక్కుని బస్సెక్కి క్లాసుకు వెళ్లడమన్న మాట. షిఫ్టులు మార్చుకోవాలంటే తోటి స్టాఫ్ నర్సు మంచితనమే దిక్కు. ఇన్‌చార్జి సిస్టర్ డ్యూటీ చార్టు ఎలా వేస్తే ఆ నెల చదువు అలా సాగుతుంది. పదేళ్లుగా సెలైన్లు పెడుతున్న మనిషికి ఇందులో కొత్తేముందని అడగొచ్చు. పరిశోధన పద్ధతులు, గణాంకాలు, బోధన, పరిపాలన ఉన్నాయి. తెలుగు మీడియంలో చదివొచ్చిన వాళ్లకు వాటికన్నా కష్టం ఆ ఇంగ్లీషు పుస్తకాలే.

రెండువేల సంవత్సరం దాటాక కారణాలు మారాయి. గల్ఫ్, బ్రిటన్, అమెరికా వైపు చూసే నర్సులు పెరిగారు. కేరళతో పాటు మన వైపు నుంచీ వెళ్లారు. ఎమిరేట్స్ డిగ్రీని కనీస అర్హతగా పెట్టడంతో, అక్కడ డిప్లొమాతో ఏళ్లుగా పనిచేస్తున్న భారతీయ నర్సులు నడివయసులో మళ్లీ పుస్తకాలు పట్టాల్సి వచ్చింది. ఇక్కడేమో ప్రైవేటు కాలేజీల్లో పోస్ట్ బేసిక్ సీట్లు పెరిగాయి. హాజరు కాగితాల మీదే ఉండే అడ్మిషన్లూ పెరిగాయి. సెలవివ్వని ఆసుపత్రికీ, ఫీజు చాలనుకునే కాలేజీకీ మధ్య నలిగిన నర్సును ఒక్కదాన్నే తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు.

జీఎన్ఎమ్‌ను ఎత్తేసి డిగ్రీనే ఉంచాలని 2019లో నర్సింగ్ కౌన్సిల్ అంది, తర్వాత వాయిదా వేసింది. 2023 కేంద్ర బడ్జెట్‌లో 157 కొత్త నర్సింగ్ కాలేజీలు ప్రకటించారు. అదే ఏడాది పాత కౌన్సిల్ స్థానంలో జాతీయ కమిషన్‌ను తెచ్చే చట్టమూ వచ్చింది. ఈ లోగా ఎయిమ్స్ ఆసుపత్రులు తమ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టిన అర్హత చూడండి. బీఎస్సీ అయినా ఉండాలి, లేదంటే జీఎన్ఎమ్ చేసి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి అయినా ఉండాలి. రెండిటికీ ఒకటే పోస్టు, ఒకటే జీతం. ఉద్యోగమిచ్చే చోట వార్డులో రెండేళ్లంటే డిగ్రీతో సమానమే. అదే నర్సు ఆ రెండేళ్ల అనుభవ పత్రాన్ని విశ్వవిద్యాలయానికి పట్టుకెళ్తే, దాన్ని దరఖాస్తుకు జతచేసుకుని, మొదటి సంవత్సరం ఫీజు కట్టమంటారు.